కోటలోపలి పచ్చిక: గోల్కొండ నయాఖిల్లాలో వృత్తి గోల్ఫ్ పోటీల చరిత్ర

ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య చరిత్ర చదివినవారికి గోల్కొండ అనగానే మల్కిభరాముడు, ఆయనకు అంకితమైన అద్దంకి గంగాధరకవి ‘తపతీసంవరణోపాఖ్యానం’, రామదాసు చెర గుర్తుకువస్తాయి. అదే కోట ప్రాకారాల నడుమ పద్దెనిమిది గుంతల గోల్ఫ్ మైదానం ఉందనీ, దేశం నలుమూలల నుంచి వృత్తి క్రీడాకారులు వచ్చి నాలుగేసి రోజులు నగదు బహుమతుల కోసం అక్కడ పోటీపడతారనీ చాలామందికి తెలియదు. క్రీడాచరిత్రను క్రీడాపుటలకే వదిలిపెట్టడం మన పరిశోధనకు అలవాటైంది. ఒక క్లబ్ వృత్తి పోటీలకు ఆతిథ్యం ఇవ్వడం మాత్రం ఆటకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఆ నేల ఎవరిది, ఆ గుమ్మం ఎవరికి తెరుచుకుంటుంది, సంచి మోసినవాడు ఆటగాడు కాగలడా అన్న మూడు ప్రశ్నలూ అందులో ఇమిడి ఉన్నాయి.

నేల

నయాఖిల్లా పుట్టుకకు కారణం ఒక ముట్టడి. దక్కను సుబేదారుగా ఉన్న ఔరంగజేబు 1656లో గోల్కొండను ముట్టడించి, షాజహాన్ ఆజ్ఞతో వెనుదిరిగాడు. కోటకు ఈశాన్యాన ఉన్న ఎత్తైన నేల శత్రువుకు అనుకూలమని ఆ దాడిలో తేలింది. అందుకే అబ్దుల్లా కుతుబ్‌షా (పాలన 1626–1672) ఆ ప్రాంతాన్ని కూడా కొత్త గోడతో చుట్టించి కోటలో కలిపాడు. ‘కొత్త కోట’ అనే పేరు అలా వచ్చింది. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత అబుల్ హసన్ తానీషా పట్టుబడ్డాడు, రాజ్యం మొగలుల వశమైంది. కొత్త గోడ రాజ్యాన్ని కాపాడలేకపోయినా ఆ నేలను మాత్రం మూడు శతాబ్దాలకు పైగా ఒక ఆవరణగా నిలిపింది.

ఆ ఆవరణలో మజ్నూ బురుజు, ముల్లా ఖియాలీ మసీదు, కుతుబ్‌షాహీల కాలపు తోట అవశేషాలు ఉన్నాయి. అన్నిటికీ మించి ‘హతియాన్ కా ఝాడ్’ అని స్థానికులు పిలిచే బావోబాబ్ వృక్షం ఉంది. దాని మాను చుట్టుకొలత 25 మీటర్లకు పైమాటే. ఆఫ్రికా ఖండపు ఈ చెట్టు గోల్కొండకు సముద్ర వ్యాపారుల వెంట వచ్చి ఉంటుందన్నది ప్రచారంలో ఉన్న మాట. పక్కనే శాతం చెరువు. కుతుబ్‌షాహీ రాజ్యం అంతరించాక ఈ ఆవరణలోపల సాగు జరిగింది, పశువులు మేశాయి. అంటే గోల్ఫ్ వచ్చేనాటికి ఇది ఎవరికీ పట్టని బీడు కాదు. ఈ విషయం మరిచిపోయి క్లబ్ చరిత్ర రాస్తే అది సావనీరు వ్యాసమే అవుతుంది.

గుమ్మం

భారతదేశంలో గోల్ఫ్ వలసపాలకుల విడిది ఆటగా మొదలైంది. 1829లో ఏర్పడిన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ బ్రిటిష్ దీవుల వెలుపల అత్యంత ప్రాచీనమైనదిగా ప్రసిద్ధం. ఆ సంప్రదాయంలో ‘పెద్దమనిషి’ ఆడేది ఔత్సాహిక గోల్ఫ్. డబ్బు తీసుకుని ఆడేవాడు, నేర్పేవాడు, కర్రలు బాగుచేసేవాడు క్లబ్‌కు పనివాడు. ఇది భారతదేశానికే పరిమితం కాదు. అమెరికాలోని టొలీడో నగరపు ఇన్వర్‌నెస్ క్లబ్ 1920లో యు.ఎస్. ఓపెన్‌కు ఆతిథ్యమిచ్చినప్పుడు వృత్తి క్రీడాకారులను క్లబ్ భవనంలోకి స్వేచ్ఛగా అనుమతించింది. అది వార్త అయిందంటే అంతకుముందు పరిస్థితి ఊహించవచ్చు. ఆ మర్యాదకు కృతజ్ఞతగా క్రీడాకారులు చందాలు వేసుకుని క్లబ్‌కు ఒక పెద్ద గడియారం బహూకరించారు. ఆతిథ్యం అన్న మాటకు గోల్ఫ్ చరిత్రలో ఉన్న అసలు బరువు ఇదే. పోటీ కోసం వచ్చిన పనివాడిని అతిథిగా చూడవలసి రావడం ఆ మాటలో ఉంది.

మన దేశంలో ఇండియన్ ఓపెన్ 1964లో ఆరంభమైంది. తొలి విజేత ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ థామ్సన్. మరుసటి ఏడు పి.జి. సేఠీ గెలిచాడు, కానీ ఆయన ఔత్సాహికుడు. భారతీయ వృత్తి క్రీడాకారుడు ఆ పోటీ గెలవడానికి 1991 వరకు ఆగవలసి వచ్చింది. గెలిచిన అలీ షేర్ ఒకప్పుడు ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీ. గెలిచిన మైదానమూ అదే. 2008లో ఇండియన్ మాస్టర్స్, 2016, 2017లలో ఇండియన్ ఓపెన్ గెలిచిన ఎస్.ఎస్.పి. చౌరాసియా రాయల్ కలకత్తా క్లబ్ పచ్చిక చూసుకునే ఉద్యోగి కుమారుడు. ఇంగ్లీషులోని ‘క్యాడీ’ని తెలుగులో కాస్త ఏమరుపాటుగా రాస్తే ‘కేడీ’ అవుతుంది, మరికొంచెం మారితే ‘కాడి’ అవుతుంది. మొదటిది పోలీసు రికార్డుల మాట, రెండవది ఎద్దు మెడమీది బరువు. మాటల మధ్య ఈ పోలిక యాదృచ్ఛికమే అయినా, భుజాన సంచితో పద్దెనిమిది గుంతలూ నడిచే మనిషికి రెండవ అర్థం తప్పుగా అనిపించదు.

గోల్కొండకు గోల్ఫ్

హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో గోల్ఫ్ చాలాకాలం కంటోన్మెంటు ఆటగా ఉంది. 1990లలో హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ రూపుదిద్దుకుని నయాఖిల్లాలో మైదానం నిర్మాణానికి పూనుకోవడంతో చిత్రం మారింది. పర్యాటకాభివృద్ధి పేరుతో ప్రభుత్వ సహకారం లభించింది. ఇది నగరం సాఫ్ట్‌వేర్ రంగం వైపు మళ్లుతున్న కాలం. విదేశీ పెట్టుబడిదారులకు చూపించదగిన నగరానికి విమానాశ్రయం, సమావేశ మందిరం, గోల్ఫ్ మైదానం ఉండాలన్న భావన అప్పటి పాలనలో బలంగా ఉండేది. మణికొండ దగ్గర ఎమ్మార్ సంస్థ, రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఉమ్మడిగా తలపెట్టిన బౌల్డర్ హిల్స్ కూడా ఆ భావన ఫలమే. ఆ భూ వ్యవహారం 2011లో సి.బి.ఐ. దర్యాప్తు దాకా వెళ్లింది. నయాఖిల్లా వివాదం స్వభావం వేరు. అక్కడి సమస్య భూమి ధరకంటే ముందుగా భూమి జ్ఞాపకానికి సంబంధించినది.

2006లో ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా (పీజీటీఐ) ఏర్పడ్డాక దేశీయ వృత్తి గోల్ఫ్‌కు ఏడాది పొడవునా ఒక కార్యక్రమ పట్టిక సమకూరింది. విశాఖపట్నం ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ లాంటి పాత క్లబ్బులూ అందులో చోటు సంపాదించాయి. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డ తరువాతి సంవత్సరాలలో నయాఖిల్లా మైదానం ‘గోల్కొండ మాస్టర్స్ తెలంగాణ ఓపెన్’ పేరుతో ఆ పట్టికకెక్కింది.

ఈ పేరును విడదీసి చూడాలి. ‘గోల్కొండ’ చరిత్రను, ‘తెలంగాణ’ కొత్త రాష్ట్ర ప్రతిపత్తిని, ‘ఓపెన్’ ఔత్సాహికులకూ వృత్తి క్రీడాకారులకూ కలిపి తెరిచిన పోటీని సూచిస్తాయి. ‘మాస్టర్స్’ మాత్రం అమెరికాలోని అగస్టా నుంచి వచ్చింది. 1934లో ఆహ్వాన పోటీగా మొదలైన అగస్టా టోర్నమెంటు 1939లో అధికారికంగా ఆ పేరు స్వీకరించింది. 1975లో లీ ఎల్డర్ ఆడేవరకు అక్కడ నల్లజాతి క్రీడాకారుడు ఒక్కడూ బరిలో లేడు. సంచులు మోసినవారు మాత్రం నల్లజాతివారే. అరువు తెచ్చుకున్న పేరు వెంట దాని చరిత్ర కూడా వస్తుంది. పేరు పెట్టినవారు దాన్ని ఉద్దేశించి ఉండరు.

పోటీ వారం

నాలుగు రోజులు, రోజుకు పద్దెనిమిది చొప్పున డెబ్బై రెండు గుంతలు. మొదటి రెండు రోజులు ముగిశాక దాదాపు మొదటి యాభై స్థానాలవారు మాత్రమే మిగులుతారు. ‘కట్’ దాటనివారికి బహుమతి సొమ్ములో వాటా లేదు. ప్రయాణం, బస, క్యాడీ కూలి అన్నీ వారి చేతి ఖర్చే. గెలిచినవాడికి మొత్తం సొమ్ములో సుమారు ఆరేడో వంతు దక్కుతుంది. టీవీలో కనిపించే గోల్ఫ్ ఐశ్వర్యానికీ దేశీయ పర్యటనలో తిరిగే వృత్తి క్రీడాకారుడి లెక్కలకూ పొంతన లేదు. ఆ వారంలో క్లబ్ సభ్యులు తమ మైదానాన్ని వదులుకోవాలి. పచ్చికను పోటీ వేగానికి తగినట్టు కత్తిరించాలి, రోజూ గుంత స్థానం మార్చాలి. 4.25 అంగుళాల వ్యాసం గల ఆ గుంతను ఏటవాలుకు ఎంత దగ్గరగా తవ్వాలన్నదే ఒక్కోసారి ఫలితాన్ని నిర్ణయిస్తుంది. తెల్లవారకముందే ఆ పని చేసేవారి పేర్లు ఫలితాల పట్టికలో ఉండవు.

అభ్యంతరాలు

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల నడుమ మట్టి తవ్వి, ఎత్తుపల్లాలు మార్చి, నీరు పారించడంపై వారసత్వ పరిరక్షకులూ స్థానికులూ తొలినుంచీ అభ్యంతరం చెబుతున్నారు. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపై రెండువందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. అదే ఏడాది గోల్కొండ సహా కుతుబ్‌షాహీ కట్టడాలు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. తరువాత పురావస్తు శాఖ నయాఖిల్లాలో జరిపిన తవ్వకాలలో ఆనాటి తోట నీటికాలువలు, తొట్లు బయటపడ్డాయి. ఈ ఆవరణకు పచ్చదనం గోల్ఫ్‌తో మొదలుకాలేదని ఆ కాలువలు రుజువు చేశాయి.

మైదానమే లేకుంటే ఈ నేల ఎప్పుడో ఆక్రమణలపాలయ్యేదన్న ఎదురువాదాన్ని తేలికగా తీసిపారేయలేం. గోల్కొండ చుట్టుపక్కల చెరువులకు, గోడలకు ఏం జరిగిందో అందరికీ తెలుసు. అయితే ఆక్రమణ నుంచి కాపాడడం ప్రభుత్వ బాధ్యత. ఆ బాధ్యతను సభ్యత్వ రుసుము చెల్లించే సంఘానికి అప్పగించినప్పుడు చెట్టు చూడవచ్చినవాడు, మసీదుకు నడిచి వెళ్లేవాడు అనుమతి అడగవలసినవారవుతారు. ఇన్వర్‌నెస్ క్లబ్ గుమ్మం లోపలివైపు తెరుచుకుంది. నయాఖిల్లాలో వృత్తి క్రీడాకారుడికి గేటు తెరిచిన అదే ఏర్పాటు ఊరివాడికి దాన్ని ఇరుకు చేసింది.

2023 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని సిల్వరాడో మైదానంలో జరిగిన ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్‌ను తీగల సాహిత్ గెలిచినప్పుడు తెలుగు పత్రికలు పండుగ చేసుకున్నాయి. ఆయన తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వలసవెళ్లినవారు. కోట గోడకు అవతల పుట్టి, బంతులు ఏరుతూ, సంచి మోస్తూ ఆట నేర్చుకునే కుర్రవాడి చరిత్రకు మాత్రం ఇంకా ఆధారాలు సేకరించవలసే ఉంది. క్లబ్ గోడమీది విజేతల పలక ఎటూ పోదు. ముందుగా నమోదు చేయవలసినవి క్యాడీల హాజరు పుస్తకాలు, పచ్చిక పనివారి కూలి పద్దులు, నయాఖిల్లాలో ఒకప్పుడు సాగు చేసిన కుటుంబాల మౌఖిక కథనాలు. చివరివి తెలుగులోనూ దక్కనీలోనూ ఉంటాయి కనుక రెండు భాషలూ వచ్చినవారే ఆ పనికి పూనుకోవాలి.