రాలని కణము

మాఘము వెళ్లి ఫాల్గుణము వచ్చుసరికి ఖమ్మము నుండి భద్రాచలము పోవు త్రోవలో అడవి పలుచబడును. టేకు, ఇప్ప, తునికి చెట్లు ఆకు రాల్చును. ఆ దినములలో కొమ్మలను పరికించువారికి ఒక వింత కనబడక మానదు. పచ్చగా నుండగనే గాలికి విరిగి వ్రేలాడు కొమ్మకు ఆకులు ఎండి ముడుచుకొనియు అట్లే అంటుకొని యుండును. ప్రాణమున్న కొమ్మయే ఆకును విడుచును. తొడిమ మొదట సన్నని పొర యొకటి యేర్పడి, అచ్చటి కణముల నడుమ నున్న బంధము కరగినగాని ఆకు ఊడదు. ఆ పని చేయుటకు చెట్టు బ్రదికి యుండవలెను.

మన దేహములోని కణముల చావులలో నొకదానికి పాశ్చాత్యులు పెట్టిన పేరు ఇట్టి దృశ్యమునుండియే పుట్టినది. 1972లో కెర్, వైలీ, కరీ అను మువ్వురు వైద్యశాస్త్రజ్ఞులు, దెబ్బ తగిలి ఉబ్బి పగులు కణము చావు వేఱనియు, తనంతట తాను కుదించుకొని, తునుకలై, పొరుగు కణములకు ఆహారమగు కణము చావు వేఱనియు ప్రతిపాదించిరి. ఈ రెండవదానికి పేరు కావలసి అబెర్డీను విశ్వవిద్యాలయమున గ్రీకు భాషాచార్యుడగు జేమ్సు కార్మాకు నడుగగా, ఆయన 'అపోప్టోసిస్' అను మాటను సూచించెను. చెట్టునుండి ఆకులు, పువ్వునుండి రేకులు రాలుట యని దాని యర్థము. తెలుగున దీనిని 'కణముల ఆత్మహత్య' యని వ్రాయువారు గలరు. ఆ మాట నాకు రుచింపదు. ఆత్మహత్యలో నిస్పృహ యున్నది, ఇందున్నది ఏర్పాటు. కుమారసంభవమున పార్వతి తమంతట రాలిన యాకులతో ప్రాణము నిలుపుకొనుటనుగూడ మాని 'అపర్ణ' యైనదని చదివిన మనకు ఈ భావము క్రొత్తది కాదు. 'కణపాత' మనిన చాలును.

పేరు ఆలస్యముగా వచ్చినను, ఈ చావు 1842లోనే కార్ల్ ఫోగ్ట్ కంటబడినది. ఎదుగుచున్న కప్పపిల్లలలో కొన్ని కణములు మాయమగుటను ఆయన గుర్తించెను. 1964లో లాక్షిన్, విలియమ్సు అనువారు పట్టుచిలుక కండరములలో దీనినే చూచి, ముందుగా నిర్ణయింపబడిన చావు అనిరి. అయినను కాన్సరు వైద్యములో దీని ప్రాముఖ్యము చాలకాలము మఱుగుననే యుండెను. గడ్డ పెరుగుచున్నదనిన, కణములు మితిమీఱి పుట్టుచున్నవనియే సాధారణముగా తలంచెడివారు. ఊరి జనాభా పెరుగుటకు జననములే హెచ్చనక్కరలేదు గదా! మరణములు తగ్గినను పెరుగును. ఈ చిన్న లెక్కను వైద్యలోకమునకు నేర్పినది ఒక జన్యువు.

లింఫు గ్రంథులలో మెల్లగా పెరుగు ఒక జాతి కాన్సరు గలదు. ఆ రోగులలో పెక్కుమంది కణములయందు 18వ క్రోమోజోము తునుక తెగి 14వ దానికి అతుకుకొని యుండును. 1984లో ఫిలడెల్ఫియాలోని విస్టారు సంస్థలో సుజిమొటో, క్రోచే, వారి సహచరులు ఈ యతుకును వెదకి, అచ్చట నొక జన్యువును పట్టిరి. దానికి బి.సి.ఎల్.-2 యని పేరు. ఆ కణములలో 14వ క్రోమోజోముపై ప్రతిరక్షకములను తయారుచేయు జన్యువులు ఎడతెగక పనిచేయుచుండును. వాని పంచన చేరిన ఈ జన్యువును విశ్రాంతి లేక పనిచేయ నారంభించును. కాన్సరు పుట్టించునది గనుక, ఇదియు తక్కిన వానివలెనే కణములను విభజింపజేయునని యనుకొనుట సహజమే.

1988లో మెల్బోర్నులోని వాల్టరు అండ్ ఎలిజా హాల్ సంస్థకు చెందిన డేవిడ్ వో, సుజాన్ కోరీ, జెర్రీ ఆడమ్సు ఆ జన్యువును రక్తకణములలో ప్రవేశపెట్టి, వానికి పోషకమగు ద్రవ్యమును తీసివేసిరి. మామూలు కణములు చచ్చినవి. ఇవి చావలేదు, పెరుగనూ లేదు. ఊరక బ్రదికి యుండెను! ఈ ఫలితమును నేను తరగతిలో చెప్పునపుడెల్ల పిల్లలు ఒక క్షణము మాటలాడరు. ఏమియు చేయక బ్రదికియుండుటయే దోషమగునా యని వారి సందేహము. అట్లు రాలక మిగిలిన కణమున ఇతర దోషములు చేరుటకు వ్యవధి దొరకును, అదియే అపాయము.

అటుపై వచ్చినది పురుగు కథ. మిల్లీమీటరు పొడవున్న యొక పురుగు దేహమున 1090 కణములు పుట్టి, అందు 131 తప్పక చచ్చును. ఆ చావును ఆపు జన్యువును రాబర్టు హార్విట్సు బృందము కనుగొని, అది మన బి.సి.ఎల్.-2కు జ్ఞాతియని 1994లో చూపెను. మనుష్యుని జన్యువును పురుగులో పెట్టినను పనిచేయునని 1992లోనే తేలియుండెను. బ్రెన్నరు, సల్స్‌టనులతో కలసి హార్విట్సు 2002లో నోబెల్ బహుమానము పొందెను.

ఈ జన్యువు తయారుచేయు మాంసకృత్తు మైటోకాండ్రియా పైపొరపై కావలి యుండును. ఆ పొరకు రంధ్రములు చేయు మాంసకృత్తులను ఇది పట్టి యుంచును. పట్టు సడలినచో లోపలి సైటోక్రోము వెలికి వచ్చి, కణమును కోయు కత్తెరలను మేల్కొలుపును.

మన భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఈ కథ నెఱుగకయే 1948లో అమెరికాలో కన్నుమూసెను. ఆయన ఆధ్వర్యమున లెడర్లీ పరిశోధనాలయములో తయారైన అమినోప్టెరినును సిడ్నీ ఫార్బరు రక్తకాన్సరు గల 16 మంది పిల్లలకీయగా, 10 మందికి కొంతకాలము గుణము కనిపించినదని ఆ యేడే ప్రకటించెను. ఫోలికామ్లమును పోలిన ఆ మందు, విభజనకు సిద్ధపడిన కణమునకు డి.ఎన్.ఏ. తయారు కాకుండ చేయును. అట్లు దెబ్బతిన్న కణమును పడగొట్టునది చాలవఱకు దాని లోపలి యేర్పాటే. బి.సి.ఎల్.-2 అధికముగానున్న కణము ఇట్టి మందులకు లొంగక తప్పించుకొనును. ఆ కావలిని సూటిగా తొలగించు వెనెటోక్లాక్సు అను మందునకు 2016లో అమెరికాలో అనుమతి లభించెను.

ఇక మన పల్లెలలో రాచపుండు అను పేరు వినినంతనే ఆ యింటి పిల్లను చేసికొనుటకు జంకువారు నేటికిని గలరు. తండ్రికి మెడలో గడ్డ లేచినదని కుదిరిన సంబంధమును విడుచుకొన్న కుటుంబములు మా ప్రాంతమునను గలవు. పైన చెప్పిన క్రోమోజోముల యతుకు తండ్రి రక్తకణములలో, ఆయన జీవితకాలమున ఏర్పడినది. బీజకణములలో లేదు గనుక కూతునకు సంక్రమింపదు. అంటునది యంతకన్నను కాదు. వంశమున వచ్చు కాన్సరులు కొన్ని లేకపోలేదు; కొన్ని రొమ్ము కాన్సరు లట్టివి, వానికి వేఱుగ పరీక్షలు గలవు. సంబంధము మాటలాడబోవువారు ముందు ఆ రోగము పేరేమో వైద్యుని అడిగి తెలిసికొనవచ్చును.