ఆస్ట్రోశాట్: బట్టీ పట్టే తేదీకి వెనకాల

గ్రూప్స్ కోసం మనమంతా బట్టీ పడతాం: ఆస్ట్రోశాట్, 2015 సెప్టెంబర్ 28, పీఎస్‌ఎల్‌వీ-సీ30. దాని వెనకాల కథ మాత్రం ఏ గైడ్‌లోనూ మనకి కనపడలేదు.

నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్‌రేలను గాలి పొర ఆపేస్తుంది. నేల మీద ఎంత పెద్ద టెలిస్కోప్ పెట్టినా అవి దొరకవు. అందుకే టాటా ఇన్‌స్టిట్యూట్ సైంటిస్టులు హైదరాబాద్ నుంచి పెద్ద పెద్ద బెలూన్లకు పరికరాలు కట్టి పైకి వదిలేవాళ్లు. బెలూన్ ఎంతసేపుంటుంది, కొన్ని గంటలే. 1996లో ఐఆర్‌ఎస్-పీ3 ఉపగ్రహంలో ఒక చిన్న ఎక్స్‌రే పరికరం పెట్టి చూశారు, పనిచేసింది. 2004లో సొంత అబ్జర్వేటరీకి అనుమతి వచ్చింది. ఇంకో పదకొండేళ్లకి 1,515 కిలోల ఆస్ట్రోశాట్ 650 కిలోమీటర్ల ఎత్తుకి చేరింది. ఒకే నక్షత్రాన్ని అతినీలలోహిత కాంతిలోనూ ఎక్స్‌రేల్లోనూ ఒకేసారి చూడగలగడమే దీని గొప్ప. హబుల్‌కి ఎక్స్‌రేలు కనపడవు మరి!

అది ఎగిరిన శ్రీహరికోట ఒకప్పుడు మన యానాదుల దీవి. అడవిలో దుంపలు, తేనె, మందు మూలికలు, చుట్టూ పులికాట్ చేపలు, అదే వాళ్ల బతుకు. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. తర్వాత చాలా యానాది కుటుంబాలు ఆ అడవి వదిలి బయటికి రావాల్సి వచ్చింది. ఈసారి ఆ తేదీ రాసుకునేటప్పుడు పక్కన 1969 కూడా రాసుకుందాం.