రెండు రొట్టెముక్కల నడుమ: సైనిక్‌పురి సాండ్‌విచ్చు పూర్వాపరములు

మా బాల్యమున ఇంటిలో బ్రెడ్డు పొట్లము కనబడినదనగా ఎవరికో జ్వరము తగిలినదని ఇరుగుపొరుగువారు గ్రహించెడివారు. వైద్యుడు అన్నము మాన్పించి పాలు, బ్రెడ్డు పెట్టుడని చెప్పి వెడలిన పిమ్మట నాయనగారు బజారునుండి తెచ్చిన ఆ మైనపు కాగితపు పొట్లమును విప్పినప్పుడు వచ్చు పులిసిన పిండివాసన, మా మట్టుకు, మాత్రల చేదుతోను, నుదుటిమీది తడిగుడ్డతోను కలిసిపోయిన వాసన. అట్టి పథ్యాహారము, రోగి మంచము దిగి వీధికి వచ్చి, పచ్చిమిర్చి పచ్చడి పూసికొని, వెన్నలో కాలి, సైనిక్‌పురి కూడళ్లలో ప్రతి సాయంకాలమును ఆరోగ్యవంతులైన యువజనులను వరుసలో నిలువబెట్టుచున్నది. ఈ స్థితి ఒక్కనాట కలిగినది కాదు. దీని వెనుక ఒక దండు, ఒక రైలుమార్గము, కొన్ని ఇరానీ హోటళ్లు, ఒక ప్రభుత్వ కర్మాగారము, బొంబాయి వీథులు ఉన్నవి.

పేరు పుట్టుక చాలమంది ఎరిగినదే కనుక దానిపై కాలయాపన చేయను. ఇంగ్లండున సాండ్‌విచ్ ప్రభువు, నాలుగవ తరమువాడు, జూదపు బల్లను విడువలేక రెండు రొట్టెముక్కల నడుమ మాంసమునుంచి తెమ్మన్నాడని గ్రోస్లే అను ఫ్రెంచి యాత్రికుడు వ్రాసిపెట్టెను. ఆ ప్రభువు నౌకాశాఖాధిపతి; జూదమువలన గాక కచేరీ పనుల ఒత్తిడివలననే బల్ల విడువలేకపోయెనని ఆయన పక్షమున వాదించువారును కలరు. చరిత్రకారుడు గిబ్బన్ 1762 నవంబరు 24వ తేదీ దినచర్యలో ఆ పదమును వాడెను గనుక అప్పటికే అది లండను పెద్దమనుష్యుల నోట నలుగుచుండెనని తెలియుచున్నది. మనకు ముఖ్యమైన విషయము వేరు. ఆ సాండ్‌విచ్చు చల్లనిది. చల్లని మాంసము, చల్లని వెన్న, చల్లని రొట్టె. ఈ లక్షణమును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను; ఏలయన మన ప్రాంతమున సాండ్‌విచ్చు చరిత్ర యంతయు ఆ చల్లదనముతో మనవారు చేసిన పోరాటమే యని నా అభిప్రాయము.

మన ప్రాంతమునకు రొట్టెను తెచ్చినది దండు. 1798లో రెండవ నిజామునకును ఈస్టిండియా కంపెనీకిని కుదిరిన సంధి ననుసరించి హుస్సేన్‌సాగరమునకు ఉత్తరమున విడిసిన సైన్యము క్రమముగా స్థిరపడగా, 1806లో ఆ విడిదికి అప్పటి నిజాము సికందర్ జా పేర సికింద్రాబాదని నామకరణము జరిగెను. పిదప తిరుమలగిరి, బొల్లారము వరకు బారకులు, పెరేడు మైదానములు వ్యాపించెను. గోరా సిపాయికి వరియన్నము ఒక పూట వినోదమే గాని భోజనము కాదు. అతనికి దినమునకు ఇంత రొట్టె యని లెక్క కలదు. కావున దండున్నచోటనెల్ల రొట్టెల బట్టీ వెలసెను. పిండి పులియుటకు కల్లు కావలసివచ్చెను. గోవాలో పోర్చుగీసువారు పావు రొట్టెకు చేసిన ఉపాయమే యిది. ఈ దేశమున ఈతచెట్లకు ఏనాడును కొదువ లేకపోయినను, కల్లును కుండలోనుండి జొన్నపిండిలోనికి వంచవలెనన్న బుద్ధి మనవారికి పుట్టలేదు. బహుశః అది కల్లునకు చేయు అపచారమని తలచియుందురు.

అధికారుల మెస్సులలోను, 1878లో ఏర్పడిన సికింద్రాబాదు క్లబ్బులోను తెల్లదొరలు తేనీటితో భుజించిన సాండ్‌విచ్చు, అంచులు కోసి, కీరదోస చక్రములో, పలుచని మాంసపు ముక్కలో పొదిగి, ఎండిపోకుండ తడిగుడ్డ కప్పి యుంచినది. దానిని చేయు ఖాన్సామాలు మన దేశస్థులే. తాము చేసిన ఆ చప్పని పదార్థమును వారు ఇంటికి తీసికొనిపోయి తినియుందురా యన్న సందేహము నాకు తరచు కలుగును; తినినచో తప్పక పెనముమీద వేసియుందురని నమ్మకము. 1874లో వాడీనుండి సికింద్రాబాదునకు రైలుమార్గము పడినది. రైలు ప్రయాణమునకును రొట్టెకును చక్కని పొత్తు కుదిరెను. విస్తరి, గరిటె, చేయి కడుగుకొను నీళ్లు అక్కరలేని భోజనము కదా అది. బ్రెడ్డు ఆమ్లెట్టు అను మహత్తర సంయోగము స్టేషనుల చుట్టుపట్లనే బలపడినది. నేటికిని సికింద్రాబాదు స్టేషను పరిసరములలో అర్ధరాత్రి దిగిన ప్రయాణికుని ఆదుకొనునది అదియే.

ఇంతలో హైదరాబాదు నగరము రొట్టెను తన పద్ధతిలో స్వీకరించెను. పులిసి రెండింతలు పొంగును గనుకనేమో, దానిని డబల్ రోటీ యని పిలిచిరి. పిలిచి ఊరకుండిరా? ముక్కలు కోసి, నేతిలో ఎర్రగా వేయించి, పాకములో ముంచి, పాలు, కుంకుమపువ్వు చేర్చి డబల్ కా మీఠా చేసిరి. దొర చల్లగా తిన్నదానిని నవాబు నేతిలో కాల్చెను. ఇరానునుండి బొంబాయి, పూనాల మీదుగా వచ్చినవారు తెరచిన హోటళ్లు ఈ పరిణామమును ఇంకొక మెట్టు ముందుకు నడిపెను. అబిడ్స్‌లో 1935నాటి గ్రాండు హోటలు, సికింద్రాబాదు స్టేషనెదుట ఆల్ఫా, 1953లో పుట్టిన పారడైజు మున్నగువాని బల్లలపై, చలువరాతి పలకల చల్లదనము మోచేతులకు తగులుచుండగా, బన్ను మస్కాను వేడి చాయలో ముంచి తిన్నవాడు ఆ రుచిని మరచుట దుస్సాధ్యము. ఆ హోటళ్లు మనకు నేర్పినది ఒక్కటే: వెన్న కరగవలెను. కరగని వెన్న రొట్టెపై పరాయిది. దేశవిభజనానంతరము సింధునుండి వచ్చినవారు 1953లో మొజంజాహీ మార్కెటువద్ద నెలకొల్పిన కరాచీ బేకరీ మొదలైనవి బిస్కట్టులకు పేరొందినవే యైనను, బేకరీ అను దుకాణమును మధ్యతరగతి గృహస్థునకు అలవాటు చేసిన పుణ్యము వానికి కలదు.

ఇట్లు రొట్టె నగరమున తిరుగుచుండగా మన ప్రాంతము, అనగా నేరేడుమెట్టు, కాప్రా, కుషాయిగూడ, నాచారము, ఉప్పల్ మొదలగునవి, చెరువులు, పొలములు, రాతిగుట్టలుగా నుండెను. సైనికోద్యోగులు తమ విశ్రాంతజీవనమునకై ఇండ్లు కట్టుకొన్న కాలనీ సైనిక్‌పురి. పేరులోనే ఆ చరిత్ర కలదు. అర్ధచంద్రాకారముగా వంపు తిరిగిన వీథులు, చెట్లతో నిండిన ఆవరణలు, ద్వారముపై పదవీవిరమణ చేసిన అధికారి పేరు. ఆ గృహములు మెస్సు ఆచారములను పింఛనుతోపాటు వెంట తెచ్చుకొనెను. మా బంధువులొకరు మొదటిసారి అట్టి యింటికి తేనీటి విందునకు పోయి, వెండి పళ్లెరములో త్రికోణములుగా కోసిన కీరదోస సాండ్‌విచ్చులను చూచి, ఇవి నైవేద్యమునకు ముందు పంచు ఫలహారమనుకొని ఒకటి తిని, అసలు విందుకై రాత్రి తొమ్మిది వరకు నిరీక్షించి, ఆకలితో తిరిగివచ్చిరి.

అదే కాలమున రెండు ముఖ్య సంఘటనలు జరిగెను. ఒకటి: గోధుమల వాడుక పెంచు ఉద్దేశముతో 1965లో భారత ప్రభుత్వము, కొలంబో ప్రణాళికక్రింద ఆస్ట్రేలియా సాయము గైకొని, మోడరన్ బేకరీస్ అను సంస్థను స్థాపించెను. బియ్యము కొరతగానున్న రోజులవి. 1928లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున రోవెడ్డర్ అనువాని యంత్రముపై మొదటిసారి అమ్మకమునకు వచ్చిన కోసిన రొట్టె, నాలుగు దశాబ్దుల పిమ్మట మన కిరాణా దుకాణములకు చేరెను. ముక్కలు సమముగా నుండుట చిన్న సంగతి కాదు. కత్తిపీటతో బ్రెడ్డు కోయబూని ఒకవైపు అట్ట, ఇంకొకవైపు ఇటుక చేసిన ఇల్లాండ్రకు అది విముక్తి. 2000లో ఆ సంస్థ ప్రైవేటు కంపెనీ వశమైనది.

రెండవది: 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను, 1971లో న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్సు ఈ ప్రాంతమున వెలసెను. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను వ్యవస్థాపకులు అయ్యగారి సాంబశివరావుగారి పేరుతోనే ఏ.ఎస్.రావు నగర్ ఏర్పడినది. తమిళులు, మలయాళులు, వంగీయులు, మరాఠీలు, కోస్తావారు, తెలంగాణమువారు ఒకే బస్సులో డ్యూటీకి పోవుచు ఒకరి డబ్బాలోనిది ఒకరు రుచిచూచిరి. తెల్లవారుజామున బస్సు తప్పిపోవునన్న భయముతో చేయు ఫలహారమునకు ఇడ్లీ పిండి రుబ్బుటకన్న బ్రెడ్డు మేలు. నాటి పిల్లల డబ్బాలలో జాము పూసిన రెండు ముక్కలు, మధ్యాహ్నమునకు అంటుకొని తడిసిపోయి, మూత తెరచునప్పుడు డబ్బా ఆకారమునే ధరించి యుండెడివి. ఆ తరమువారు నేటికిని జాము సాండ్‌విచ్చును ప్రేమతో గాక సానుభూతితో స్మరింతురు.

అసలు మార్పు బొంబాయినుండి వచ్చినది. అక్కడి వీథి వర్తకులు దొరల సాండ్‌విచ్చునుండి మాంసమును తొలగించి, ఉడికిన బంగాళాదుంప, బీటురూటు, టమాట, కీరదోస, ఉల్లి చక్రములను పేర్చి, కొత్తిమీర పచ్చడి పట్టించి, అన్నిటికి మించి, నిప్పుమీద పెట్టిరి. రెండు రేకులను పొడవైన కాడలతో బంధించిన ఆ పటకారువంటి సాధనమును కుంపటిపై అటునిటు త్రిప్పుచు కాల్చుట చూచిన వానికి, ఇది సాండ్‌విచ్చునకు ఉపనయనము వంటిదని తోచును. ఆ పద్ధతి మనకు చేరి, బొగ్గులకు బదులు విద్యుత్తు గ్రిల్లు వచ్చి, రొట్టెపై నల్లని చారలు పడుట మొదలైన పిమ్మట, దాని పథ్యపు వాసన పూర్తిగా వదలినది.

సైనిక్‌పురిలో నేను తరచు నిలుచు బండి యొకటి కలదు. బోర్డు లేదు, పేరు లేదు. దానిని నడుపు కుర్రవాని హస్తలాఘవమును చూచుటకే సగము పోవుదును. రెండు ముక్కలను అరచేత పుస్తకమువలె తెరచును. వెన్నను అంచు వరకు రాయును. అంచు విడిచిన వర్తకుని నమ్మరాదు. పచ్చడిని ఒకవైపే పూయును, రెండువైపుల పూసిన రొట్టె నానిపోవును గనుక. దుంపను వ్రేళ్లతో నలిపి పరచి, దానిపై టమాట పెట్టును. దుంప ఆ రసమును పీల్చి రొట్టెను కాపాడును. చాట్ మసాలా చల్లి, చీజు తురిమి, గ్రిల్లు మూత నదిమి, చెమట తుడుచుకొనును. మొదటి పర్యాయము నేను చారిత్రక జిజ్ఞాసతో, కాల్చకుండ ఇమ్మని కోరితిని.

"ప్లెయిన్ ఎవరు తింటరంకుల్? జరం వచ్చిందా?" అని అతడు నవ్వెను.

వానికి ఇరువది యేండ్లుండవు. అయినను బ్రెడ్డనగా జ్వరమన్న ఆ పాత మాట వానికిని తెలియును.

కాప్రా పురపాలక సంఘము 2007లో మహానగరములో కలిసిన తరువాత ఈ ప్రాంతపు రూపు త్వరగా మారినది. భవన్స్ వివేకానంద కళాశాల విద్యార్థులు, సాఫ్టువేరు ఉద్యోగులు, ఇంటినుండి పనిచేయువారు కాఫీ దుకాణములకు ప్రాణము పోసిరి. మూడవ క్రెసెంటు రోడ్డులో మేడమీదనున్న ది కాఫీ కప్ వంటి చోట్ల గంటలకొలది కూర్చుండి, ఒక కాఫీ, ఒక సాండ్‌విచ్చుతో పరీక్షకు చదువుకొనువారున్నారు. 2001లో మన దేశమునకు వచ్చిన సబ్‌వే వంటి విదేశీ సంస్థలు పొడవు రొట్టెలను, అద్దముల వెనుక కూరల గిన్నెలను తెచ్చినవి. అక్కడను మనవారు వేడిచేసి యిమ్మనియే అడుగుదురు. ఈ మధ్య ఒకానొక దుకాణమున క్లబ్ సాండ్‌విచ్చు పేర మూడంతస్తుల భవనమొకటి నా ముందుంచిరి. పుల్ల గుచ్చి నిలిపిన ఆ కట్టడమును నోటబట్టుటకు మార్గము కానరాక, విప్పి చూడగా లోపల చల్లని మయొనేజు, అంతకన్న చల్లని కోడిమాంసము. వెల మాత్రము వేడిగానే యుండెను.

ఉప్పల్, నాచారముల ఆచారము వేరు. అక్కడి పారిశ్రామికవాడలో షిఫ్టు మారు వేళల రాజ్యమేలునది బ్రెడ్డు ఆమ్లెట్టు. పెనముపై రెండు గ్రుడ్లు, ఉల్లి, పచ్చిమిర్చి, పసుపు; ఆమ్లెట్టు గట్టిపడకముందే దానిమీద రొట్టెముక్కలను బోర్లించి, ఒక్క త్రిప్పుతో మడచి, కాగితములో పెట్టి చేతికిచ్చుట. దీనిని సాండ్‌విచ్చనవచ్చునా యని పండితులు శంకింపవచ్చును. రెండు రొట్టెల నడుమ భోజ్యపదార్థమున్నది, పని విడిచిపెట్టకుండ తినవచ్చును, చేయి జిడ్డు కాదు. జూదపు బల్లయైనను, లేతు యంత్రమైనను ఆ ప్రభువు కోరినది ఇదియే కదా. నా తీర్పు అడిగినచో, మన తూర్పు హైదరాబాదున పుట్టుకచేత కాకున్నను స్వభావముచేత ఉత్తమమైన సాండ్‌విచ్చు ఇది. రెండవ స్థానము పచ్చడి దట్టించిన గ్రిల్లు సాండ్‌విచ్చుది. కీరదోస త్రికోణమునకు గౌరవ వేతనమిచ్చి విశ్రాంతి నొసగవచ్చును.

రుచి చూడగోరువారు సైనిక్‌పురికి సాయంకాలము ఏడు దాటకముందే రావలెను. ఎనిమిది గంటలకు ఆ బండిమీద రొట్టె మిగిలియుండును గాని పచ్చడి గిన్నె ఖాళీ యగును.