గానుగ కాలమున నడుమునొప్పి

మంజీరానదికి అడ్డముగా 1923లో ఆరంభించి 1931 నాటికి ముగించిన నిజాంసాగరము, ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దరు ప్రతిభకు నిదర్శనముగా, 2,75,000 ఎకరములకు నీరందించుటకై రూపొందినదని మన చరిత్రపాఠములు చెప్పును. ఆ నీటి వెంట చెరకు వచ్చెను. చెరకు వెంట 1937లో బోధను చెంత శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము వెలసి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుగాంచెను. కోస్తా మండలములనుండి తరలివచ్చిన రైతులు వర్ని, రుద్రూరు, కోటగిరి ప్రాంతములలో క్యాంపులు కట్టుకొని స్థిరపడిరి. ఈ చరిత్ర వ్రాసినవారు ఎకరములను, టన్నులను శ్రద్ధతో లెక్కించిరి. ఆ చెరకును వంగి నరికి, మోసి, బండికెత్తిన మనుష్యుల శరీరమున ఏమి జరిగినదో, వారు వైద్యుని వద్దకు ఎందుకు ఆలస్యముగా వచ్చిరో వ్రాసినవారు అరుదు.

చెరకు నరకుట చూడనివారికి ఆ పని ఎట్టిదో చెప్పవలెను. గడలో తీపి మొదలుభాగమున అధికము గావున కత్తి నేలకు ఆనవలెను. జానెడు మొద్దు నిలిచినచో రైతుకు నష్టము, మరుసటి ఏటి పిలకకు చేటు. అందుచేత కూలి నడుము రెండుగా వంచి, ఎడమచేత గడ పట్టి, కుడిచేత మొదలు కొట్టి, లేచి, ఎండుటాకు దూసి, మొవ్వు తెగవేసి, గడను ప్రక్కన పేర్చి మరల వంగును. ప్రొద్దుటినుండి ప్రొద్దుగూకువరకు ఇదియే వరుస. పిదప మోపులు కట్టి, తలకెత్తుకొని, బండికి గాని లారీకి గాని వాల్చిన పలకమీదుగా ఎక్కి వేయవలెను. వంగిన నడుము నిటారగునంతలో మెలిదిరిగి బరువెత్తుటకంటె వెన్నెముకకు కఠినమైన పరీక్ష లేదని వైద్యులు చెప్పుదురు.

పనికి తోడు కాలమును తరుముచుండెను. నరికిన గడ నిలువయున్నకొలది అందలి చక్కెర విరిగిపోవును. నాడో మరునాడో అది గానుగకు చేరవలసినదే. కర్మాగారము కటింగు పర్మిటు ఇచ్చినంతనే రైతు మేస్త్రికై, మేస్త్రి ముఠాకై పరుగెత్తవలెను. ముఠాలో ఒకడు తప్పుకొన్నచో మిగిలినవారి కూలియు తగ్గును. కార్తీకమున కదలిన గానుగ ఫాల్గుణ చైత్రములదాక ఆగదు. ఇట్టి నడిమధ్య నడుము పట్టుకొన్నవాడు, "ఇరుకు పట్టింది, రెండు దినాలల్ల అదే పోతది" అనును. పోనిచో "సీజన్ అయినంక చూపించుకుంట" అనును. ఈ మాటను అజ్ఞానమని కొట్టివేయుట న్యాయము కాదు. ఏడాది తిండిగింజలు ఆ నాలుగైదు నెలల కూలిలోనే యున్నవని ఎరిగినవాని లెక్క అది.

అంతవరకు ఇంటివైద్యము సాగుచుండెను. వావిలాకు వేసి కాచిన నీళ్ళు, ఆముదపు మర్దనము, ఇటుక కాపడము, ఎదురుకాళ్ళతో పుట్టినవానిచేత నడుము తొక్కించుట, పహిల్వాను కట్టు — ఇవన్నియు పరిచితములే. పిరుదునుండి మడమదాక లాగు నొప్పిని ఆయుర్వేదము గృధ్రసి యనియు, యునానీ హకీములు ఇర్కున్నిసా యనియు ఏనాడో గుర్తించియుండిరి. నడుమునొప్పులలో పెక్కు ఏ చికిత్సయు లేకయే కొన్ని వారములలో తగ్గునట్టివి గావున, తగ్గినపుడు చేతనున్న వైద్యమునకు ఆ కీర్తి దక్కెను. తగ్గనివారు మాత్రము ఒక గడపనుండి మరియొక గడపకు తిరుగుచు నెలలు గడపిరి.

అయితే ఆలస్యమునకు వైద్యశాస్త్రము కూడ కారణమైనదని నా దృఢవిశ్వాసము. 1934లో అమెరికా వైద్యులు మిక్స్‌టరు, బార్ అనువారలు వెన్నుపూసల నడుమనున్న డిస్కు చిట్లి నరమును నొక్కుటయే కాలిలాగుడుకు హేతువని నిరూపించిన పిమ్మట, నడుమునొప్పి యనగనే ఎక్స్‌రే, చెక్కబల్ల, వారములకొలది శయ్యావిశ్రాంతి అను మూడింటికి ఎనలేని ప్రతిష్ఠ కలిగెను. జీతము నిలువని ఉద్యోగికి అది ఔషధమే. కూలికి పోనినాడు పొయ్యి వెలుగని వానికి అది శిక్ష. డాక్టరు నోట 'పండుకో' అను మాట వినవలసివచ్చునని ఎరిగియే వాడు దవాఖాన మెట్లెక్కలేదు. ఆ శయ్యావిశ్రాంతియే పొరపాటని తేలుటకు అర్ధశతాబ్ది పట్టెను: 1986లో రిచర్డు డేయో బృందము, రెండుదినములు పడుకొన్నవారును ఏడుదినములు పడుకొన్నవారును సమానముగనే కోలుకొనిరనియు, తక్కువ పడుకొన్నవారే త్వరగా పనికి మరలిరనియు చూపెను. నేడు వైద్యులు లేచి నడువుమందురు. ఈ మార్పు సంగతి మన పల్లెలకు ఇంకను పూర్తిగా చేరలేదు.

చట్టమును ఈ విషయమున వెనుకబడినది. 1948లో వచ్చిన కార్మిక రాజ్య బీమా చట్టము సీజనల్ కర్మాగారములను తన పరిధినుండి తొలగించి, ఆ జాబితాలో తేయాకు, కాఫీలతోపాటు చక్కెరను, బెల్లమును పేరు పెట్టి చేర్చెను. ఆ ఏటనే వచ్చిన కర్మాగారముల చట్టము, 34వ విభాగమున, గాయము కలిగించునంత బరువును ఎవరిచేతను మోయింపరాదని శాసించినను, క్వింటాలు బస్తాలు దశాబ్దములపాటు హమాలీల వీపులమీదనే నడచినవి. కార్మిక పరిహార చట్టము ప్రమాదమునకు తేదీ అడిగెడిది. ఇరువదియేండ్లలో అరిగిన నడుమునకు తేదీ యెక్కడిది?

చెరకుచేనిలో వంగినవాని కథ యిట్లుండగా, నిజామాబాదు, ఆర్మూరు ప్రాంతముల బీడీకార్మిక స్త్రీల కథ కూర్చున్న నడుము కథ. ఒడిలో చేట, అందులో పొగాకు, తడిపి కత్తిరించిన తునికాకు, వ్రేలికి దారము; వేయి బీడీలకింత యను లెక్కగావున మెడ వంచి, వీపు గూనుచేసి, గంటలకొలది కదలక చుట్టుచుందురు. 1976లో వెలసిన బీడీకార్మిక సంక్షేమనిధి క్షయ, క్యాన్సరు, గుండెజబ్బులకు సాయపడినది. నడుమునొప్పి ప్రాణము తీయదు. వేయి బీడీలను ఆరువందలకు దించును. ఆ నష్టము ఇంటిలోనే అణగిపోవును. నిజామాబాదు జిల్లాలోనే డిచ్‌పల్లి కుష్ఠువైద్యశాలకు, దానిని స్థాపించిన డాక్టరు ఇసబెల్ కెర్ కాలమున, రోగులు సిగ్గుచే ఆలసించి వచ్చెడివారు. నడుమునొప్పిలో సిగ్గు లేదు. అందరికిని ఉన్నదే గదా యను సరిపెట్టుకోలు కలదు, అదియు అంతే ఆలస్యము చేయును.

2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు పోయిన చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడెను. అందు పనిచేసినవారి నడుములు మాత్రము వారితోనే యున్నవి. 2013 నుండి నిజామాబాదులోనే ప్రభుత్వ వైద్యకళాశాల నడచుచున్నది గావున, హైదరాబాదుదాక పోవలయునను పాత సాకు తగ్గినది. చదువరులకు ఒక్క విన్నపము: మీ ఇంటను, మీ చేనిలోను నడుము పట్టినవారిని మంచమున కట్టివేయక మెల్లగా నడిపింపుడు. కాని కాలు చచ్చుబడినను, తొడలనడుమ స్పర్శ పోయినను, మూత్రము వశము తప్పినను, జ్వరముతో బరువు తగ్గుచు రాత్రివేళ నొప్పి హెచ్చినను — వెన్నెముక క్షయ ఇట్లే వచ్చును — సీజను ముగియుదాక ఆగవలదు. ఆ దినపు కూలిని మేస్త్రియో, రైతో, ఇరుగుపొరుగో భరించి, ఆనాడే దవాఖానకు తీసికొనిపోవలెను.