గాడి మనదైతే

1995 ఫిబ్రవరి, డెట్రాయిట్. పొద్దున తొమ్మిదైనా వీధిలో మంచు కరగలేదు. నీ కోటు లోపలి జేబులో ఒక డాట్ (డిజిటల్ ఆడియో) టేపు ఉంది. ఇంటి బేస్‌మెంట్‌లో రాత్రుళ్లు కూర్చుని కట్టిన పాట అందులో ఉంది. గొంతు లేదు, మాట లేదు. రోలాండ్ 909 డ్రమ్ యంత్రం, దానికి తోడు రెండు సింథసైజర్లు, అంతే. 1983లో వచ్చిన ఆ 909 అసలు డ్రమ్ములా మోగట్లేదని బ్యాండ్ల వాళ్లు పక్కన పడేస్తే, సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా ఈ ఊరి కుర్రాళ్ల చేతికొచ్చింది. బెల్‌విల్‌లో కలిసి చదువుకున్న హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ ఇలాంటి యంత్రాలతోనే టెక్నో సంగీతానికి పునాది వేశారు. పాట కట్టి ఊరుకోలేదు, ఎవరి రికార్డు లేబుల్ వాళ్లు పెట్టుకున్నారు. 1985లో అట్కిన్స్ మెట్రోప్లెక్స్, మరుసటేడు మే ట్రాన్స్‌మాట్, ఆ తరవాత సాండర్సన్ కేఎంఎస్. నువ్వూ ఆ దారే పట్టావు. రాత్రి డీజేవి. పగలు లేబుల్ యజమానివి, గుమాస్తావి, మూటలు మోసే కూలీవి.

మొదటి మజిలీ రాన్ మర్ఫీ కటింగ్ గది. ఈ ఊరి టెక్నో ప్లేట్లలో చాలావాటికి గాడి కోసింది ఆయనే. లేత్ మీద అల్యూమినియం పళ్లెం, దాని మీద లాకర్ పూత. టేపు నడవగానే వేడెక్కిన ముల్లు పూతలోకి దిగుతుంది. వెంట్రుకంత సన్నటి దారం పైకి లేస్తుంది, పక్కనున్న గొట్టం దాన్ని పీల్చేస్తుంది. నిప్పు తగిలితే భగ్గుమనే సరుకది. నువ్వు మైక్రోస్కోపు మీదికి వంగుతావు. కిక్ డ్రమ్ పడ్డచోటల్లా గాడి వంకర తిరిగి కనిపిస్తుంది. బేస్ ఎంత గట్టిగా ఉంటే వంకర అంత పెద్దది, పక్క గాడికి అంత చోటు వదలాలి. పన్నెండంగుళాల ప్లేటు మీద ఒక వైపుకి తరచూ ఒకే పాట పెట్టేది అందుకే.

చివర్లో నువ్వొకటి అడిగావు. చుట్టలా లోపలికి పోకుండా తనలో తానే కలిసిపోయే గాడి. ముల్లు అందులో పడితే ఎవరైనా ఎత్తేదాకా అక్కడే తిరుగుతుంది. ప్లేటు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంటే చుట్టుకి 1.8 సెకన్లు. అందులో నాలుగు దెబ్బలు సరిగ్గా ఇమడాలంటే పాట వేగం నిమిషానికి 133⅓ దెబ్బలు. కాస్త తేడా వచ్చినా చుట్టు చుట్టుకీ తాళం తప్పుతుంది. కిందటేడు జెఫ్ మిల్స్ తన ఆక్సిస్ లేబుల్ మీద తెచ్చిన 'సైకిల్ 30'లో ఇలాంటి గాడులే పరిచాడు. నీకూ ఒకటి దక్కింది. కోత పూర్తయ్యాక, పాట లేని నున్నటి చోట మర్ఫీ ఎన్‌ఎస్‌సీ అని చెక్కుతాడు. అది ఆయన చేతి గుర్తు.

కొన్నాళ్లకి తరవాతి మజిలీ, ఊరి తూర్పు భాగంలో ఉన్న ఆర్చర్. 1965 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉన్న ప్లేట్ల ఫ్యాక్టరీ. లాకర్‌కి వెండి పూసి, నికెల్ ఎక్కించి తీసిన అచ్చులు అప్పటికే ప్రెస్సుకి బిగించి ఉన్నాయి. లోపలంతా ఆవిరి, వేడి ప్లాస్టిక్ వాసన. పీవీసీ గుళికలు కరిగి చలిమిడి ముద్దలా బయటికొస్తాయి. కిందొక లేబుల్, పైనొక లేబుల్ పెట్టి అచ్చులు మూస్తారు. ఆవిరి వేడికి ముద్ద పల్చబడి అంచులదాకా పరుచుకుంటుంది. జిగురు లేకుండానే కాగితం ప్లాస్టిక్‌కి అతుక్కుపోతుంది. నీళ్లు పారి అచ్చు చల్లబడుతుంది. అర నిమిషం గడిచేసరికి ప్లేటు తయారు, పొంగిన అంచు కోసేయడమే తరువాయి. ఇవి పరీక్షకు తీసిన కాపీలు, లేబుల్ మీద పేరు కూడా లేదు. ఒకటి చేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగా ఉంది.

కారు డిక్కీ నిండా కిందటి రికార్డు పెట్టెలున్నాయి. ఊళ్లో కొట్లకి కొన్ని, తక్కినవి సముద్రం దాటాలి. బెర్లిన్‌లో హార్డ్ వాక్స్ అనే దుకాణం ఉంది. పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ నేలమాళిగ ఖజానాలో 1991లో తెరిచిన ట్రెజోర్ క్లబ్బూ ఉంది. అక్కడ డెట్రాయిట్ పేరు చెబితే తలుపులు తెరుచుకుంటాయి. ఇక్కడ రేడియో కూడా నీ పాట వేయదు. ఒక ప్లేటు డబ్బు చేతికొస్తేనే తరవాతి ప్లేటు.

పెద్ద కంపెనీకి అప్పగిస్తే ఈ మోత బరువంతా తప్పుతుంది కదా అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. దానికి జవాబు ఈ ఊరి చరిత్రే చెబుతుంది. వెస్ట్ గ్రాండ్ బులవార్డ్ 2648 నంబరు ఇంట్లో 1959లో మోటౌన్ రికార్డు కంపెనీ కాపురం పెట్టింది. ఈ ఊరి గొంతుల్ని ప్రపంచమంతా మోగించింది. 1972లో లాస్ ఏంజెలిస్‌కి తరలిపోయింది, 1988లో చేతులు మారింది. వాయించినవాళ్లలో చాలామంది ఇక్కడే ఉండిపోయారు. పాటలు మాత్రం వెళ్లిపోయాయి.

రాత్రి రెండు. మిషిగన్‌లో బార్లు మందు పోయడం ఆపే వేళ, నీ పని మొదలయ్యే వేళ. బోర్డు లేని ఇనుప తలుపు, ఇరుకు మెట్లు, పైన పాత గోదాము హాలు. ఒక్క ఎర్ర బల్బు. 1988లో ఈ ఊరి బ్రాడ్‌వే వీధిలో తెరిచిన మ్యూజిక్ ఇన్‌స్టిట్యూట్ అనే క్లబ్బులో మందు ఉండేది కాదు, వచ్చేది ఆడటానికే. అది ఎక్కువ కాలం నిలవలేదు గానీ ఆ పద్ధతి మాత్రం ఇలాంటి హాళ్లలో నిలిచింది.

రెండు టెక్నిక్స్ 1200 టర్న్‌టేబుళ్లు. జనం ఎడమ ప్లేటుకి ఆడుతున్నారు. కుడివైపు నీ తెల్ల లేబుల్. హెడ్‌ఫోన్ ఒక చెవికే. మొదటి కిక్ దగ్గర ప్లేటును వేలితో ఆపి పట్టుకుంటావు, కింద పళ్లెం తిరుగుతూనే ఉంటుంది. వదులుతావు. కొంచెం వెనకబడింది. పిచ్ స్లైడర్‌ను గోరంత జరిపి, మధ్య కడ్డీని వేళ్లతో ఒక్కసారి మెలేస్తావు. రెండు కిక్‌లు ఒకటవుతాయి. ఎడమ బేస్ తగ్గిస్తావు, కుడి బేస్ ఎత్తుతావు. ఆ బేస్ చెవికంటే ముందు డొక్కలో తగులుతుంది.

ఈ హాల్లో ఆ పాట ఎవరూ వినలేదు. కాసేపు జనం తటపటాయిస్తారు. ముందువరస వాళ్లు దేనికైనా ఆడతారు. నీ కళ్లు గోడ వారన నిలబడ్డవాళ్ల మీదున్నాయి. ఒకడి మడమ లేచింది. పక్కనున్నామె కోటు విప్పి కింద పడేసింది. ఇప్పుడు ముల్లెత్తి చివరి గాడిలో దించుతావు. అవే నాలుగు దెబ్బలు, మళ్లీ మళ్లీ. హాలంతా ఒక్క అడుగు మీదికొచ్చింది. డీజే కళ్లు చూసింది లేబుల్ యజమానికి వేరే చెప్పక్కర్లేదు. ఈ రెండు పనులూ ఒకరే చేయడంలో ఉన్న బలమిది. ఆడేవాళ్ల కాళ్లు తేల్చింది ఏ ఆఫీసు బల్ల దాకా వెళ్లనక్కర్లేదు.

ముందు ముందు పరీక్షలు రాకపోవు. 1999లో డీజే రొలాండో 'నైట్స్ ఆఫ్ ది జాగ్వార్' అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ లేబుల్ మీద వస్తుంది. ఒక పెద్ద కంపెనీ దానికి అనుమతి లేకుండానే అచ్చుగుద్దినట్టు నకలు చేయిస్తుంది. దేశదేశాల అభిమానులు తిరగబడతారు. అసలు పాట మాత్రం డెట్రాయిట్ చేతిలోనే ఉంటుంది. అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ స్థావరం చివరికి ఈస్ట్ గ్రాండ్ బులవార్డ్ 3000 నంబరుకి చేరుతుంది. మోటౌన్ ఇల్లున్న రోడ్డే, తూర్పు భాగం.

పాట పుట్టిన ఊళ్లోనే దాని హక్కూ ఉండాలి, కష్టపడ్డవాళ్ల దగ్గరే ఉండాలి. కొద్దిమందికే తెలిసిన పాటైనా సరే. అందుకని సోమవారం ఆర్చర్‌కి ఫోన్ చెయ్యి, వెయ్యి కొట్టమను. డబ్బు నీదే, నష్టమొస్తే అదీ నీదే, పాట ఎప్పటికీ నీదే.