బావి మోటారు, దాని కావలి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములకు విద్యుత్తు రాకపూర్వము బావినుండి పొలమునకు నీరు తోడినది మోట. తోలుసంచి, మోకు, గిరక, ఒక జత ఎద్దులు: యంత్రమంతయు ఇంతే. బరువు మించినచో ఎద్దులు నిలిచిపోవును. ఆ నిలుచుటయే ఆ యంత్రమునకు రక్షణ. విద్యుత్తు మోటారునకు ఈ గుణము లేదు. బరువు పెరిగినకొలది అది తీగలనుండి మరింత విద్యుత్తును లాగుకొనును. ఎవరును ఆపనిచో కాలిపోవు వరకు లాగుకొనును. కావున మోటారు వచ్చిననాటినుండియు దానికొక కావలిని వెదకవలసివచ్చినది.

పొలములలో సాధారణముగా కనబడునది మూడు ఫేజుల ఇండక్షన్ మోటారు. 1888లో ఇటలీలో ఫెరారిస్, అమెరికాలో టెస్లా ఎవరికి వారే తిరుగుడు అయస్కాంత క్షేత్రమును గూర్చి ప్రకటించిరి. మరుసటి యేడు జర్మనీలో పనిచేయుచుండిన దొలివో-దొబ్రొవోల్‌స్కీ అను రష్యా ఇంజనీరు మూడు ఫేజులతో నడచు మోటారును నిర్మించెను. దాని రోటరులో తీగచుట్టలు లేవు. కడ్డీల పంజరము మాత్రమే కలదు. ఇంత సులభమైన నిర్మాణము గలది కనుకనే అది బావి గట్టుమీదను, తరువాత బోరుగొట్టము లోపల నీటిలోను కూడ పనిచేయగలిగినది.

దానికి కావలసిన విద్యుత్తు పల్లె చేరుటకు చాలకాలము పట్టెను. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడెను. పల్లెలకు తీగలు లాగుటకు అప్పులిచ్చు గ్రామీణ విద్యుదీకరణ సంస్థను కేంద్రప్రభుత్వము 1969లో స్థాపించెను. ఆ సంస్థ తోడ్పాటుతో ప్రయోగాత్మకముగా దేశములో ఐదుచోట్ల సహకార విద్యుత్ సంఘములు వెలసెను. వానిలో ఒకటి 1970లో సిరిసిల్లలో ఏర్పడినది. విద్యుత్తు వాడువారే సభ్యులుగాగల ఈ సంఘము మరమగ్గములకును, పొలము మోటారులకును విద్యుత్తును పంచినది. జగిత్యాల, కోరుట్లలు మాత్రము బోర్డు క్రిందనే యుండి, బోర్డును విభజించిన తరువాత వరంగల్లు కేంద్రముగాగల ఉత్తర పంపిణీ సంస్థ క్రిందికి వచ్చినవి. యజమానులు వేరైనను మోటారు చిక్కు అంతటను ఒక్కటే.

ఆ చిక్కును రైతు "ఒక ఫేజు పోయినది" అను మాటలో చెప్పును. గాలికి తీగ తెగినను, ట్రాన్సుఫార్మరు వద్ద ఒక ఫ్యూజు పోయినను మూడు ఫేజులలో ఒకటి పోవును. అప్పుడు నిలిచియున్న మోటారు బయలుదేరదు, మూలుగుచుండును. తిరుగుచున్న మోటారు మాత్రము ఆగక, మిగిలిన రెండు ఫేజులతోనే మొత్తము పనిని చేయబూనును.

దీని లెక్క విద్యార్థులు కూడ వేయదగినదే. 5 అశ్వశక్తుల మోటారు 415 వోల్టుల వద్ద నిండు పనిలో సుమారు 8 ఆంపియర్లు తీసికొనును. ఒక ఫేజు పోగా మిగిలిన తీగలలో విద్యుత్తు సుమారు 1.73 రెట్లు, అనగా 14 ఆంపియర్లు అగును. అంతటితో పోదు. ఒకే ఫేజు వలన పుట్టు క్షేత్రము, ముందుకు తిరుగునది యొకటి, వెనుకకు తిరుగునది యొకటి, రెండు క్షేత్రముల కలయికతో సమానము. ఇట్టి అసమానతను విడదీసి లెక్కించు పద్ధతిని 1918లో అమెరికా ఇంజనీరు ఫోర్టెస్క్యూ చూపెను. వెనుకకు తిరుగు క్షేత్రము రోటరు కడ్డీలలో సెకనుకు దాదాపు 100 ఆవృత్తుల విద్యుత్తును పుట్టించి వానిని వేడెక్కించును. చుట్టల పూత మాడి కమురు వాసన వచ్చునప్పటికి చేయదగిన దేమియు ఉండదు. మోటారును పైకి లాగి, చుట్టలు తిరిగి చుట్టించుటకు పట్నము చేర్చవలసినదే. పైరు ఈనిక దశలో ఉన్నప్పుడు ఆ కొద్దిరోజుల ఎడమే పంటను దెబ్బతీయును.

మరి ఫ్యూజు ఏమి చేయుచున్నట్లు? ఎడిసన్ 1880లో పేటెంటు పొందిన ఈ సాధనము దీపముల తీగలను కాపాడుటకు పుట్టినది. మోటారు బయలుదేరునప్పుడు కొన్ని క్షణములపాటు ఆరు రెట్లు, అనగా 48 ఆంపియర్ల వరకు లాగును. దానికి కరగకుండ నిలువవలెనన్నచో ఫ్యూజు 15, 20 ఆంపియర్లది కావలెను. అట్టి ఫ్యూజు 14 ఆంపియర్లను చూచియు చూడనట్లుండును. ఫ్యూజు తీగకు కావలి గాని మోటారునకు కాదు. కరిగిన ఫ్యూజు స్థానమున లావుపాటి రాగితీగ చుట్టినచో అది తీగకును కావలి కాదు.

1924లో జర్మనీలోని మాన్‌హైములో స్టోట్స్ అనునతడు రూపొందించిన చిన్న బ్రేకరు, తిరిగి వేయుటకు వీలైనది, ఫ్యూజుకంటె మేలు. కాని ఇండ్లలో దీపములకు వాడు రకమును తెచ్చి మోటారునకు పెట్టినచో, బయలుదేరునప్పుడే అది పడిపోవచ్చును. పెద్దది పెట్టినచో మరల ఫ్యూజు కథయే. నిజమైన కావలి స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే. రెండు లోహముల పట్టీ వేడికి వంగి స్టార్టరును విడిపించును. దానిని మోటారు పలకపై వ్రాసిన ఆంపియర్ల వద్ద నిలుపవలెను. ఫేజు పోవుటను ముందే కనిపెట్టి ఆపు ప్రత్యేక సాధనములు కూడ వచ్చినవి.

ఈ రిలేను రైతు ఎందుకు పైకి త్రిప్పును? అజ్ఞానము వలన అని అనుట అన్యాయము. పొడవైన తీగల చివర వోల్టేజి 300కు పడినచో మోటారు లాగు శక్తి వోల్టేజి వర్గమును బట్టి సగమునకు తగ్గును. నీటి బరువు తగ్గదు కనుక విద్యుత్తు 11 ఆంపియర్లకు పెరుగును. రిలే తన పని తాను చేసి మాటిమాటికి ఆపును. ఇచ్చిన కొద్ది గంటలలో మడి తడియదు. కనుక రైతు రిలేను పైకి త్రిప్పును. విద్యుత్తు వచ్చిన వెంటనే మోటారు తనంతట నడచుటకు ఆటోస్టార్టరును పెట్టును. పది మోటారులు ఒకేసారి బయలుదేరినచో 480 ఆంపియర్లు, 100 కె.వి.ఎ. ట్రాన్సుఫార్మరు నిలుకడగా ఇయ్యగలది 139 మాత్రమే. దాని ఫ్యూజు తెగుటలో వింత లేదు. తెగినది ఒక ఫేజుది మాత్రమైనచో కథ మొదటికి వచ్చినది! 11,000 వోల్టుల తీగను పొలము దాక తెచ్చి, కొద్ది మోటారులకొక చిన్న ట్రాన్సుఫార్మరు పెట్టు పద్ధతిని 2000 తరువాతి దశకమున చేపట్టుటకు కారణ మిదియే. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో 24 గంటల సరఫరా మొదలైనప్పుడు ఆటోస్టార్టర్లను తొలగింపుమని ప్రభుత్వము కోరెను. అందులకు ముఖ్యకారణము భూగర్భజలము తరుగుట.

ఇంతవరకు మోటారు ప్రాణము. మనుష్యుని ప్రాణము వేరు లెక్క. తడిసిన కేబులు వలన స్టార్టరు ఇనుప పెట్టెకు 240 వోల్టులు సోకినవనుకొందము. ఎర్తు నిరోధము 20 ఓములైనచో భూమిలోనికి పోవునది 12 ఆంపియర్లు. ఫ్యూజు కరగదు, పెట్టె విద్యుత్తుతోనే యుండును. తడినేలపై వట్టి కాళ్ళతో వచ్చి మీట నొక్కు రైతునకు గుండె లయ తప్పుటకు ఆంపియరులో పదవవంతైనను చాలును. ఇది పొలములకే పరిమితమైన ఆపద కాదు. అమెరికాలో ఇండ్ల ఈతకొలనులలో నీటి క్రింది దీపముల వలన ఇట్టి ప్రమాదమే గుర్తింపబడెను. పోయిన విద్యుత్తు, తిరిగివచ్చిన విద్యుత్తు సమానమా కాదా అని సరిచూచి, తేడా యున్నచో తెంచివేయు బ్రేకరును ఆస్ట్రియాలో బీగెల్‌మయర్ 1950ల నాటికే రూపొందించియుండెను. 1961లో కాలిఫోర్నియాలో డాల్జీల్ 5 మిల్లీఆంపియర్లకే తెంచు సాధనమును నిర్మించెను. 1968లో అమెరికా విద్యుత్ నియమావళి ఈతకొలను దీపములకు దానిని విధించెను.

బోరు మోటారుల పొడవైన తడి కేబుళ్ళలో స్వల్పమైన కారుట సహజము. అంత సున్నితమైన బ్రేకరు అచట నిలువదు. 300 మిల్లీఆంపియర్లది నిలుచును. అది తెగకుండ పోనిచ్చు విద్యుత్తునకు, 20 ఓముల ఎర్తుపై, పెట్టె వోల్టేజి 6 మించదు. ఎండకాలమున ఎర్తు గుంట ఎండి నిరోధము 200 ఓములైనచో అదే బ్రేకరు 60 వోల్టుల వరకు ఊరకుండును. ఉప్పు, బొగ్గు వేసిన గుంటలో వేసవి పొడవునను నీరు పోయుట ఇందుకే.