కచ్చురం కొట్టంలో కారు లిఫ్టు

ఓ ఆదివారం పొద్దున్నే మా వారు టేపు పట్టుకుని పోర్టికోలో అటూ ఇటూ తిరుగుతుంటే నా గుండె గుభేలుమంది. మగవాళ్ళు టేపు చేతపట్టారంటే ఇంట్లో ఏదో ఒక గోడ కూలబోతోందన్నమాటే!

మా సూర్యాపేట ఇంట్లో కార్లు రెండు, పోర్టికో ఒకటి. మొదటిది మా మామగారు నడిపిన అంబాసిడర్. ఆయన పోయాక దాన్ని అమ్మే మాట ఎవరెత్తినా మా అత్తమ్మ ఆ పూట అన్నం ముట్టదు. రెండోది మా వారు ముచ్చటపడి కొన్న స్కార్పియో-ఎన్. అది ఇంటికొచ్చిన నాటి నుంచీ అంబాసిడర్ ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ వీధిలో ఉంది. అందుకని కారు మీద కారు నిలబెట్టే లిఫ్టు పెట్టిస్తారట.

నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. బండి మారినప్పుడల్లా ఇల్లు మారుతూనే వచ్చింది. మా పెద్దల కాలంలో ఆడవాళ్ళ ప్రయాణమంటే కచ్చురమే. గూడు కట్టిన ఎద్దుబండి, లోపల గడ్డి పరిచి పైన బొంత. దాని కోసం దొడ్డివైపు కొట్టం ఉండేది. 1932లో నిజాం రాష్ట్రంలో రైల్వేవారి అజమాయిషీ కింద 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ మొదలైంది. బస్సుకి ఇంట్లో చోటక్కర్లేదు కదా, ఇళ్ళు బతికిపోయాయి. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. మిర్యాలగూడ చుట్టూ వరి వచ్చింది, వరి వెంట రైసు మిల్లులు, మిల్లుల వెంట లారీలు. నాలుగు డబ్బులు చేరినవాళ్ళు కారుకి అర్జీ పెట్టుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారు. మామగారి అంబాసిడర్ కూడా అలా వచ్చిందే.

ఆ అంబాసిడర్‌కి మూలం ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్. 2014 మే నెలలో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ ఆగిపోయేదాకా ఒంటితీరు పెద్దగా మారలేదు. వెడల్పు సుమారు అయిదున్నర అడుగులు. 1983 డిసెంబర్లో వచ్చిన మారుతీ 800 అయితే అయిదడుగులు కూడా లేదు. మన పట్నాల్లో గేట్లూ పోర్టికోలూ చాలావరకు ఈ రెంటినీ చూసి కట్టినవే. కోదాడలో మా పుట్టింటి సందు కూడా అంతే. మారుతీ వచ్చినప్పుడు నాన్న వీధరుగు సగం కొట్టించాడు. సాయంత్రాలు అమ్మ కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసేది ఆ సగం మీదే! తర్వాత ఆమె వంటింటి గుమ్మంలోకి మారింది. అప్పుడు ఎవరూ ఏమీ అనుకోలేదు, అమ్మతో సహా.

ఇప్పుడు మా వారి కారు వెడల్పు ఆరడుగుల మూడున్నర అంగుళాలు. పక్క అద్దాలు విప్పితే ఏడడుగులకు దగ్గర. కార్లకి ఇంత ఒళ్ళెందుకు వచ్చిందో నాకు తెలీదు గానీ, మన గేట్లకి రాలేదు.

లిఫ్టు సంగతికొస్తాను. 1925లో అమెరికాలోని మెంఫిస్‌లో పీటర్ లునాటి అనే ఆయన నూనె ఒత్తిడితో కారుని లేపే యంత్రం చేశాడు. మంగలి షాపులో కుర్చీ పైకి లేవడం చూసి ఆ ఊహ పుట్టిందని చెబుతారు. అంతకు ముందు గుంట తవ్వి మనిషే కారు కిందికి దిగేవాడు. మన హైవే పక్క షెడ్లలో ఆ గుంటలు చాలాకాలం ఉన్నాయి. గుంట లేనిచోట జాకీ, కింద ఇటుకలు. నా చిన్నప్పుడు మా వీధి చివర షెడ్డులో ఇటుక పగిలి బండి ఓ పిల్లవాడి కాలి మీదికి దిగింది. ఆ అబ్బాయి బతికాడు గానీ నడక మారిపోయింది. అందుకే లిఫ్టు అమ్మే అతను రంగుల పుస్తకం విప్పగానే నేనడిగింది ఒక్కటే. "కరెంటు పోయి, నూనె పైపు కూడా పగిలిందనుకోండి, అప్పుడు పైనున్న కారు దేని మీద ఆగుతుంది?"

మంచి లిఫ్టులో కారు బరువు నూనె మీద ఉండదట. పైకి వెళ్తున్నప్పుడు టక్కు టక్కుమని ఇనప కొక్కేలు పడుతూ వస్తాయి. చివరికి కారుని వాటి మీదికి దించి వదలాలి. ఆ మాట విన్నాక కొంచెం స్థిమితపడ్డాను.

రెండు స్తంభాల లిఫ్టు రిపేర్లకి బాగుంటుంది. చేతులు చాచి కారుని పొట్ట కింద పట్టుకుంటుంది. కానీ వెడల్పు కారుని స్తంభాల మధ్యకు తెచ్చాక తలుపు తెరిస్తే స్తంభానికి తగులుతుంది. మా వారిలాంటి భారీ మనిషి దిగడమెలా? కారు పెట్టుకోవడానికే అయితే నాలుగు స్తంభాలది నయం. టైర్లు రెండు ఇనప పట్టాల మీద నిలబడతాయి. స్తంభాల మధ్య ఎనిమిదడుగులైనా ఉంటే పెద్ద కారు అద్దాలతో సహా కిందికి దూరుతుంది.

ఇక్కడో తిరకాసు ఉంది. వెడల్పు లిఫ్టు కదా అని పట్టాలను దూరదూరంగా బిగిస్తే, పైకెక్కే అంబాసిడర్ చక్రాల ఎడం నాలుగున్నర అడుగులకి మించదు. చక్రాలు పట్టాల మధ్య గాలిలో పడతాయి! పట్టా జరిపే వీలుండాలి. కింద రేకు పళ్ళెం కూడా ఉండాలి. అంబాసిడర్ ఇంజను నూనె కార్చకుండా ఉన్న రోజు నేనెరగను. కింద ఉండేది కొత్త కారాయె.

అన్నీ కుదిరాక ఎత్తు లెక్క వేశాం. స్కార్పియో ఆరడుగుల అంగుళం, అంబాసిడర్ అయిదడుగుల పావు, మధ్యలో ఇనుము అరడుగు, కాస్త సందు. మొత్తం పన్నెండడుగులు దాటింది. మా స్లాబు పది. మా వారు మొహం వేలాడేసుకుని, పోర్టికో కొట్టించి పై గదిని కూడా కలుపుకుందామా అన్నారు. ఆ పై గది నేను రాసుకునే గది. అమ్మ అరుగు గుర్తొచ్చింది. "కుదరదు" అన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అంత చిన్న మాటతో జవాబు చెప్పింది అదే మొదలు.

అప్పటిదాకా జపమాల తిప్పుతున్న అత్తమ్మ తలెత్తింది.

"ఎనక కొట్టం కొలిచిన్రా? మీ తాత గడ్డిబండి నిండుగ కట్టుకొని గండ్లకే తోలుకొచ్చేటోడు."

వెళ్ళి కొలిచాం. ద్వారం పదడుగులకు పైనే. గడ్డి రెండు వైపులా పొంగేది కదా, అందుకని అంత వెడల్పు. పెంకుల కింద నడిమి దూలం పద్నాలుగడుగుల ఎత్తున ఉంది. ఇన్నేళ్ళుగా అందులో పాత మంచాలూ కట్టెలూ తప్ప ఏమీ లేవు. దారికడ్డంగా ఓ పారిజాతం ఉంది, దాన్ని జరిపి నాటొచ్చు. మట్టినేల తవ్వి, స్తంభాలు ఊగకుండా గట్టి కాంక్రీటు పోసి, నెల్లాళ్ళు నీళ్ళు కట్టి ఆరనివ్వాలన్నాడు మేస్త్రి.

తవ్వకం మొదలైన రోజు అత్తమ్మ కొట్టం గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. చాలాసేపు చూసి నన్ను పిలిచింది.

"బిడ్డా, ఏ బండి మీద ఉంటది, ఏది కింద ఉంటది?"

"మామయ్యది తేలిక అత్తమ్మా. అదే మీద ఉంటది."

"మరి నాకు కూసోవాలనిపిస్తే?"

"దించుతాం. మీట నొక్కితే దిగుతుంది."

"ఆ మీట ఏదో నాకు జూపియ్యి" అంది.